7/8 బీట్ కుంటకుండా నడవాలంటే

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మూడేళ్లుగా ఎఫ్ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో 4/4లోనే, అంటే బార్‌కు (ఒక తాళ చక్రానికి) నాలుగు క్వార్టర్ నోట్ల లెక్కలోనే ట్రాక్‌లు చేస్తున్నారు. కొత్తదనం కోసం 128 బీపీఎంలో (నిమిషానికి 128 బీట్లు) ఉన్న ఒక టెక్నో ట్రాక్‌ను 7/8లోకి, అంటే బార్‌కు ఏడు ఎనిమిదో వంతు నోట్ల లెక్కలోకి మార్చారు. విన్న స్నేహితులు “ఎక్కడో కట్ అయినట్టుంది, ఎడిటింగ్‌లో తప్పు జరిగిందా?” అని అడిగారు. అది తప్పులా వినిపించకూడదంటే ఏం చేయాలి, అసలు ఇలాంటి లెక్కలకు జనం డాన్స్ చేయగలరా అన్నవి మీ రెండు ముఖ్యమైన సందేహాలు.

రెండోదానికి జవాబు తేలిక. చేయగలరు, తరతరాలుగా చేస్తూనే ఉన్నారు. బల్గేరియాలో రచెనిత్సా అనే నృత్యం 7 లెక్కలో ఉంటుంది, 2+2+3గా. గ్రీసులో కలమతియానోస్ కూడా 7లోనే, కానీ 3+2+2గా. బల్గేరియావాళ్ల కోపనిత్సా ఏకంగా 11 లెక్క. పెళ్లిళ్లలో, పండగల్లో జనం ఆడే డాన్సులివి. ఆడేవాళ్లలో ఎవరూ మనసులో ఏడు వరకు లెక్కపెట్టరు. వాళ్ల కాలికి తెలిసింది “పొట్టి అడుగు, పొట్టి అడుగు, పొడుగు అడుగు” అంతే. మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఈ పొట్టి, పొడుగు అడుగుల్లోనే ఉంది.

మీరు రాసినదాన్ని బట్టి, 16 స్టెప్పుల (ఒక్కో స్టెప్ ఒక పదహారో వంతు నోటు) ప్యాటర్న్‌లో చివరి రెండు స్టెప్పులు తీసేసి 14 చేశారు. కిక్ (డ్రమ్స్‌లో లోతైన దెబ్బ) 1, 5, 9, 13 స్టెప్పుల మీద అలాగే ఉంది. ఇప్పుడు దూరాలు కొలిచి చూడండి: 4, 4, 4, ఆ తర్వాత 2. ఎనిమిదో వంతు నోట్లలో చెబితే 2+2+2+1. కుంటు అంటే ఆ చివర మిగిలిపోయిన ఒంటి 1. మొదటి మూడు కిక్‌లు వినగానే చెవి ఇది మామూలు నాలుగు అనుకుంటుంది. నాలుగో కిక్ పడగానే దానికీ మిగతావాటికి ఉన్నంత చోటు ఉంటుందని ఎదురుచూస్తుంది. సగం చోటే ఇచ్చి మీరు మళ్లీ ఒకటికి వెళ్లిపోయారు. మీ స్నేహితులకు కట్ అయినట్టు వినిపించిందంటే వాళ్ల చెవి సరిగ్గానే విన్నది.

ఆ ఒంటి 1ని పక్కనున్న 2తో కలిపి 3 చేయాలి. 13వ స్టెప్ మీది కిక్ తీసేయండి, చాలు. ఇప్పుడు దెబ్బలు 1, 5, 9 మీద పడతాయి, దూరాలు 4, 4, 6. అంటే 2+2+3. అదే 14 స్టెప్పులు, అదే టెంపో, ఒక్క కిక్ మాత్రమే తక్కువ. నడక మాత్రం పూర్తిగా మారిపోతుంది. చదవడం ఇక్కడ ఆపి, సాఫ్ట్‌వేర్ తెరిచి, ముందు ఇదొక్కటి చేసి వినండి.

బేసి లెక్కల్లో నేను ఎన్నేళ్లు పనిచేసినా తిరిగి తిరిగి వచ్చేది ఈ సూత్రానికే. 5, 7, 9, 11, 13 ఏదైనా సరే, దాన్ని రెండ్లుగా, మూడ్లుగా విడగొట్టండి. ఒకటి విడిగా మిగలకూడదు. ఆ విభజన నిర్ణయించాకే కిక్ ఎక్కడో, స్నేర్ ఎక్కడో ఆలోచించాలి. సాఫ్ట్‌వేర్‌లో టైమ్ సిగ్నేచర్ మార్చడం అర నిమిషం పని, అది గ్రిడ్ మీద గీతల్ని మాత్రమే మారుస్తుంది. నడకను మీరే తయారుచేయాలి.

దీనికి మౌస్ కంటే ముందు నోరు కావాలి. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నప్పుడు మా మాస్టారు మొదటి కొన్ని నెలలు వాయిద్యం ముట్టుకోనివ్వలేదు. చేత్తో తాళం వేస్తూ నోటితో జతులు చెప్పించేవారు. తిశ్రం 3 తకిట, చతురశ్రం 4 తకధిమి, ఖండం 5 తకతకిట, మిశ్రం 7 తకిట తకధిమి, సంకీర్ణం 9 తకధిమి తకతకిట. అప్పుడు విసుగ్గా ఉండేది. తర్వాత సింథసైజర్ల దగ్గరికి వచ్చాక అర్థమైంది, ఈ పనికి ఇంతకంటే మంచి పరికరం లేదని. మీకు సంగీతం రాకపోయినా పరవాలేదు. 128 బీపీఎంలో మెట్రోనోమ్‌ను ఎనిమిదో వంతులకు పెట్టుకుని, ఒక్కో అక్షరం ఒక్కో టిక్కు మీద పడేలా “తకిట తకధిమి” అని పది నిమిషాలు చెప్పండి. త, త, ధి దగ్గర తొడ మీద చెయ్యి వేయండి. ఆ మూడు దెబ్బలే 3+2+2. వంట చేస్తూనో బస్సులో కూర్చునో లెక్క మర్చిపోయి చెప్పగలిగినప్పుడు ట్రాక్ మొదలుపెట్టండి.

నిజానికి తెలుగు చెవికి ఏడు కొత్తేమీ కాదు. గురజాడ వాడిన ముత్యాల సరం మిశ్రగతి ఛందస్సు. “దేశమును ప్రేమించుమన్నా” అన్న పాదాన్ని మాత్రలు లెక్కగట్టి చూడండి: దేశ 3, మును ప్రే 4, మించు 3, మన్నా 4. రెండు ఏడులు. బళ్లో పిల్లలు దాన్ని గట్టిగా, ఉత్సాహంగా చదువుతారు, ఎవరికీ అది కుంటినట్టు అనిపించదు. మిశ్రచాపు (3+4 లెక్క తాళం) కృతులు వింటూ పెరిగిన వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే మన వాళ్లు “7/8 మనకు పరాయిది, విదేశీ ప్రోగ్రెసివ్ సంగీతం వినేవాళ్లది” అన్నప్పుడు నాకు బాధగా ఉంటుంది. 1982లోనే బొంబాయి సెషన్ కళాకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303, జూపిటర్-8 సింథసైజర్లు పెట్టుకుని పది రాగాలతో ఒక ఆల్బం చేశారు. నాకది ఎంతో ఇష్టం. అయితే అందులో రాగాలు మన దగ్గరివి, తాళం మాత్రం డిస్కోది. ఆ తర్వాత వచ్చిన మన ఎలక్ట్రానిక్ సంగీతంలో నేను విన్నంతవరకు ఎక్కువగా ఇదే దారి. రాగాన్ని తీసుకుంటాం, తాళాన్ని గుమ్మం బయటే వదిలేస్తాం. మీలాంటి వాళ్లు ఈ ప్రశ్న అడుగుతుంటే అందుకే సంతోషంగా ఉంది.

మూడు ఎక్కడ పెట్టాలన్నది రుచిని బట్టి ఉంటుంది, కానీ తేడా పెద్దది. 3+2+2లో మొదట ఒక సాగు వచ్చి తర్వాత పరుగు వస్తుంది, బార్ ముందుకు తోసుకుంటూ వెళుతుంది. 2+2+3లో పరుగెత్తి చివర ఊపిరి తీసుకున్నట్టుంటుంది. నిదానమైన, బరువైన ట్రాక్‌లకు నాకు ఇది నచ్చుతుంది. 2+3+2 పట్టుకోవడం కష్టం, మొదట్లో వద్దు. కర్ణాటక సంగీతంలో శ్యామశాస్త్రి గారు మిశ్రచాపును తిరగేసి 4+3గా నడిపిన కృతులున్నాయి. దాన్ని విలోమ చాపు అంటారు. మొత్తం ఏడే అయినా రెండిటి స్వభావం వేరని ఆయన రెండు శతాబ్దాల క్రితమే చూపించారు.

ఇక డాన్స్ విషయం. ఇక్కడ నాకు తగిలిన దెబ్బ చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక కాలేజీ ఫెస్ట్‌లో నా సెట్ మధ్యలో 3+2+2 ట్రాక్ వేశాను. కిక్ కచ్చితంగా 1, 7, 11 స్టెప్పుల మీద. స్టూడియోలో అద్భుతంగా ఉంది. అక్కడ మాత్రం అర నిమిషంలో ముందు వరసలో వాళ్లు ఆగిపోయి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాట బాగాలేక కాదు, కాలు ఎక్కడ వేయాలో తెలియక. ఆ రాత్రి ఇంటికి వచ్చి పడుకోలేదు. ట్రాక్‌లో మిగతా ఏదీ మార్చకుండా కిక్ ఒక్కటే మార్చాను. క్వార్టర్ నోట్ల మీద, నాలుగు స్టెప్పులకు ఒకటి చొప్పున, బార్ గీతలను పట్టించుకోకుండా నేరుగా నడిపించాను.

దాని లెక్క ఇలా ఉంటుంది. 7/8 బార్‌లో ఏడు ఎనిమిదో వంతులు. రెండు బార్లు కలిస్తే 14, అంటే సరిగ్గా 7 క్వార్టర్లు. కాబట్టి మొదటి బార్‌లో కిక్ 1, 3, 5, 7 లెక్కల మీద పడుతుంది. రెండో బార్‌లో 2, 4, 6 మీద పడుతుంది. మూడో బార్‌లో మళ్లీ ఒకటి మీదికి వస్తుంది. కాలికి ఎక్కడా అడ్డు తగలదు, 128లో ఎప్పటిలాగే అడుగు వేసుకోవచ్చు. పైన బేస్, సింథ్ మాత్రం ఏడులో తిరుగుతుంటాయి. ఒక బార్‌లో కిక్‌తో కలిసి, ఇంకో బార్‌లో కిక్‌కు ఎదురుగా. వినేవాళ్లకు “ఏదో తిరుగుతోంది” అని తెలుస్తుంది, ఏమిటో చెప్పలేరు, కానీ ఆగరు. అదే ట్రాక్‌ను మార్చాక వేరే చోట వాయించాను, ఎవరూ ఆగలేదు. మీ టెక్నో ట్రాక్‌కు కూడా ముందు ఈ పద్ధతే చెబుతాను.

అయితే కిక్ నేరుగా నడిచేటప్పుడు “ఒకటి” ఎక్కడుందో ఇంకెవరో చెప్పాలి. ఆ పని బేస్‌ది. బేస్ లైన్‌లో అన్నిటికంటే కింది స్వరాన్ని ప్రతి 7/8 బార్ మొదట్లోనే పెట్టండి, మధ్యలో ఎక్కడా వాడకండి. క్లాప్ గానీ రిమ్‌షాట్ గానీ మూడు మొదలయ్యే చోట పెట్టండి. హైహ్యాట్ (డ్రమ్స్‌లో చిన్న తాళాల జత) అన్ని ఎనిమిదో వంతుల మీదా ఒకేలా మోగితే ఉపయోగం లేదు. విభజనలో దెబ్బలు పడే చోట వెలాసిటీ (దెబ్బ బలం) 110 దగ్గర, మిగతా చోట్ల 60 దగ్గర ఉంచి చూడండి. వెలాసిటీ తేడా లేని హైహ్యాట్ ఏడును ఏడు వేరువేరు చుక్కలుగా చేసేస్తుంది.

ఇంకో విషయం, ఓపిక. కొత్త లెక్క విన్న చెవికి అది అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. కనీసం ఎనిమిది బార్లు ఏమీ మార్చకండి. చాలామంది బేసి లెక్కతో పాటు విచిత్రమైన శబ్దాలు, బార్ బార్‌కూ మారే డ్రమ్స్ అన్నీ ఒకేసారి పెట్టేస్తారు. ఏ రెండు బార్లూ ఒకేలా లేని సంగీతం కూడా ఉంది. 1994లో బ్రిటన్ ప్రభుత్వం రేవ్ పార్టీలను అదుపు చేయడానికి తెచ్చిన చట్టంలో “మళ్లీ మళ్లీ వచ్చే బీట్లు” అన్న మాట ఉండేది. దానికి నిరసనగా ఒటెకర్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట ఏ బార్ బీట్ ఇంకో బార్‌తో కలవకుండా ఒక ట్రాక్‌ను ప్రోగ్రాం చేసి విడుదల చేసింది. అది గొప్ప పని. కానీ మీరిప్పుడు చెవికి ఒక నడక అలవాటు చేయాలనుకుంటున్నారు, దానికి పునరుక్తి కావాలి.

రెండో దారి కూడా ఉంది, ఇంకా సురక్షితమైనది. ట్రాక్ అంతా 4/4లోనే ఉంచి, ఒక్క వాయిద్యం లూప్ పొడవు మాత్రం బేసిగా పెట్టడం. దీన్ని పాలీమీటర్ అంటారు. డ్రమ్స్ 16 స్టెప్పులు, ఆర్పెజియో (ఒకదాని తర్వాత ఒకటి మోగే స్వరాల వరస) 7 స్టెప్పులు అనుకోండి. రెండూ మళ్లీ ఒకేసారి మొదలయ్యేది 112 స్టెప్పుల తర్వాత, అంటే 4/4లో 7 బార్లకు. 5 స్టెప్పుల లూప్ అయితే 5 బార్లకు. 7దీ 5దీ రెండూ పెడితే 35 బార్లకు. మీరు రాసింది పన్నెండు స్వరాలే, కానీ 35 బార్ల పాటు కొత్త కొత్త కలయికలు వస్తూనే ఉంటాయి. ఒక జాగ్రత్త: పాట నాలుగు, ఎనిమిది, పదహారు బార్ల వాక్యాల్లో నడుస్తుంది కాబట్టి 7 బార్ల చక్రం వాటితో కలవదు. ప్రతి 8 బార్లకు ఆర్పెజియోను బలవంతంగా మొదటికి తీసుకురండి. నేను దాదాపు ఎప్పుడూ అలాగే చేస్తాను. లేకపోతే డ్రాప్ (ట్రాక్ పూర్తి బలంతో తిరిగి వచ్చే చోటు) దగ్గర ఏ స్వరం వస్తుందో మీ చేతుల్లో ఉండదు.

అలా మొదటికి తెచ్చే చోట మృదంగం వాళ్ల ముక్తాయింపు (ముగింపు వరస) ఎంత బాగా పనిచేస్తుందో చెప్పలేను. రెండు 4/4 బార్లు 32 స్టెప్పులు. వాటిని 7+7+7+7+4గా నింపండి, ఏడులో తిరుగుతున్న చెవి చివరి నాలుగుతో హాయిగా దిగుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే ఒకే ఫిల్‌ను (చిన్న డ్రమ్ వరసను) మూడుసార్లు: 10 స్టెప్పుల ఫిల్, 1 స్టెప్ ఖాళీ, మళ్లీ 10, 1 ఖాళీ, మళ్లీ 10. మొత్తం 32. తర్వాత పడే దెబ్బ సరిగ్గా సమం (తాళం మొదటి దెబ్బ) మీద. డ్రాప్‌కు ముందు ఎప్పటి స్నేర్ రోల్‌కు బదులు ఇది పెట్టి చూడండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేసే ఇబ్బందులు. వీటి వల్లే చాలామంది మధ్యలో వదిలేస్తారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

స్వింగ్ అనే సెట్టింగ్ నోట్లను జతలుగా తీసుకుంటుంది. మొదటి పదహారో వంతును అలాగే ఉంచి రెండోదాన్ని కొంచెం వెనక్కి నెడుతుంది. 7/8లో పదహారో వంతులు 14, సరిసంఖ్య, కాబట్టి జతలు ప్రతి బార్‌లో ఒకే చోట పడతాయి, సమస్య లేదు. కానీ 7/16లో పనిచేస్తుంటే బార్‌కు ఏడే స్టెప్పులు. మొదటి బార్‌లో ఆలస్యమైన స్టెప్పులు 2, 4, 6. రెండో బార్‌లో 1, 3, 5, 7. అంటే మీ “ఒకటి” కూడా ఆలస్యంగా పడుతుంది. పాలీమీటర్ ఆర్పెజియోలోనూ ఇదే జరుగుతుంది. అక్కడ స్వింగ్ సున్నా చేసి, కావాలంటే నోట్లను చేత్తో జరపండి.

డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) విషయానికొస్తే, అందరూ అలవాటుగా పెట్టే డాటెడ్ ఎయిత్ అంటే మూడు పదహారో వంతులు. 3+2+2లో అది బాగా కుదురుతుంది. ఒకటి మీద మోగిన స్వరం 4లో, 7లో ప్రతిధ్వనిస్తుంది, 7 మీదే రెండో దెబ్బ ఉంది. ఫీడ్‌బ్యాక్ తక్కువ పెట్టి రెండు ప్రతిధ్వనులతో ఆపేయండి. 2+2+3కు మాత్రం క్వార్టర్ డిలే నయం, ప్రతిధ్వనులు 5, 9 మీద సరిగ్గా పడతాయి. మూడోది 13 మీదికి వస్తుంది జాగ్రత్త, మనం ఇందాక తీసేసిన కిక్ చోటు అదే, కుంటు వెనక తలుపు నుంచి లోపలికి వస్తుంది. ప్యాడ్‌ల కోసం ఒక బార్ మొత్తం డిలే కావాలంటే మిల్లీసెకన్లలో టైప్ చేయడం మేలు. 60000ను బీపీఎంతో భాగిస్తే క్వార్టర్ వస్తుంది. దాన్ని 3.5తో గుణిస్తే 7/8 బార్ వస్తుంది. మీ 128కి 1640.6 మిల్లీసెకన్లు.

ఎల్ఎఫ్ఓలు (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే అలలు), ఫిల్టర్ కదలికలు “1 బార్” అని చూపించినా కొన్ని ప్లగిన్లు దాన్ని నాలుగు బీట్లుగానే తీసుకుంటాయి. ప్రతి ప్లగిన్‌నూ పరీక్షించడం కంటే ఎల్ఎఫ్ఓను నోట్‌తో రీట్రిగర్ అయ్యేలా (ప్రతి నోట్‌కు మళ్లీ మొదలయ్యేలా) పెట్టడం సులువు. సైడ్‌చెయిన్ (కిక్ పడినప్పుడల్లా మిగతా శబ్దాన్ని తగ్గించడం) కూడా ఆటోమేటిక్ ఆకారంతో కాకుండా కిక్ ఆడియోతోనే నడపండి. ఎవరైనా ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఒక మాట. క్లిప్ లోపలి టైమ్ సిగ్నేచర్ చూపించడానికి మాత్రమే, ప్లేబ్యాక్‌ను మార్చదు. క్లిప్పులు లాంచ్ అయ్యేది ట్రాన్స్‌పోర్ట్‌లో ఉన్న ప్రధాన సిగ్నేచర్ బార్ల ప్రకారం. అక్కడ 4/4 వదిలేస్తే ఏడు బార్ మధ్యలో కొత్త క్లిప్ మొదలై స్టేజీ మీద టెన్షన్ పెడుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో అయితే 2018లో వచ్చిన వెర్షన్ 20 నుంచి టైమ్ సిగ్నేచర్లు సరిగ్గా మార్చుకునే వీలుంది, పాతది వాడుతుంటే అప్‌డేట్ చేసుకోండి.

రెడీమేడ్ డ్రమ్ లూప్‌లను ఏడుకు మార్చడం గురించి కూడా అడిగారు. చివర కత్తిరించకండి, మీరు మొదట చేసిన పొరపాటే మళ్లీ అవుతుంది. లూప్‌ను ముక్కలు చేసి, మొదటి కిక్, చివరి స్నేర్ రెండూ ఉంచి, మధ్యలోని చిన్న దెబ్బల్లోంచి ఒక ఎనిమిదో వంతు తీసేయండి. బ్రేక్‌బీట్ ఇష్టమైతే 7/8 కంటే 7/4 సహజంగా ఉంటుంది, ఒక 4 బార్, ఒక 3 బార్ పక్కపక్కన. కెనడాకు చెందిన వెనీషియన్ స్నేర్స్ అనే ఎలక్ట్రానిక్ కళాకారుడు ఎన్నో ట్రాక్‌లు 7/4లోనే చేశారు, అంత వేగంలోనూ తల ఊపకుండా ఉండలేం.

ఐదు గురించి ఎక్కువ చెప్పను. ఖండచాపు 2+3, తకతకిట. రెండే దెబ్బలు కాబట్టి త్వరగా వస్తుంది, కానీ అంతే త్వరగా విసుగు పుట్టిస్తుంది. ఎక్కువసేపు నడపాలంటే 10గా చూసి 3+3+2+2 చేయండి. తొమ్మిది, పదకొండు ఏడు బాగా ఒంటబట్టాకే ముట్టుకోండి.

చివరగా, మీ ట్రాక్‌ను మళ్లీ కట్టాలంటే నేను ఇలా చేస్తాను. మొదటి 16 బార్లు మామూలు 4/4, కిక్, హైహ్యాట్ మాత్రమే. డీజేలకు కలుపుకోవడానికి ఆ చోటు కావాలి, చివర్లోనూ అంతే వదలండి. తర్వాత కిక్ ఆగకుండా నడుస్తుండగానే బేస్ 2+2+3లో లోపలికి వస్తుంది, ఒంటరిగా, ఎనిమిది 7/8 బార్లు. ఎనిమిది 7/8 బార్లంటే 28 క్వార్టర్లు, అంటే 4/4లో సరిగ్గా ఏడు బార్లు, 128లో పదమూడు సెకన్లకు కాస్త ఎక్కువ. కాబట్టి ఆ ఎనిమిదో బార్ చివర కిక్, బేస్ రెండూ ఒకే చోట దిగుతాయి, అక్కడి నుంచి సింథ్ తెరవచ్చు. బ్రేక్‌డౌన్‌లో (మధ్యలో ట్రాక్ పలచబడే భాగంలో) కిక్ తీసేసి, ఏడు ఒక్కటే వినిపించనివ్వండి. అప్పటికి చెవికి అలవాటైపోయి ఉంటుంది. అది చేశాక లూప్‌ను ఇక్కడే పెట్టండి. హెడ్‌ఫోన్లలో విని, క్లాప్ ఎక్కడికి జరపాలో స్టెప్ నంబర్‌తో సహా రాస్తాను.